మాటల మీద నడిచే సినిమాలో ప్రధాన నటుడిని అంచనా వేయడం ఎలా?

నాటకాన్నో నవలనో సినిమాగా తీసినప్పుడు, అందులోనూ కథంతా సంభాషణల మీదే నడిచినప్పుడు, ప్రధాన పాత్రధారి ఎలా నటించాడో తేల్చి చెప్పడం పైకి కనిపించినంత తేలిక కాదు. మాట బాగుంటే చెప్పినవాడూ బాగా చెప్పినట్టే అనిపిస్తుంది. సినిమా చూసి బయటికి వస్తూ మనం ఒక వాక్యాన్ని పదే పదే తలచుకుంటాం. ఆ వాక్యం రచయితది, కాని మెప్పు నటుడి ఖాతాలో పడుతుంది. ఒక్కోసారి దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. గొప్ప మాటలేవీ లేని చోట నటుడు చేసిన అసలైన పని ఎవరి కంటా పడకుండా పోతుంది. కాబట్టి నటుడి పాలు ఎంతో, రచయిత పాలు ఎంతో, కెమెరా పాలు ఎంతో విడదీసి చూడడం అలవాటు చేసుకోవాలి. అది ఎలాగో ఒక సినిమాను దగ్గర పెట్టుకుని చెబుతాను.

ఆ సినిమా 1957లో వచ్చిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'. రెజినాల్డ్ రోజ్ దీన్ని మొదట టెలివిజన్ నాటకంగా రాశారు. అది 1954లో ప్రత్యక్ష ప్రసారమైంది. సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా ఆయనే సమకూర్చారు. దర్శకుడు సిడ్నీ లూమెట్‌కు ఇది తొలి చలనచిత్రం. తండ్రిని పొడిచి చంపాడన్న నేరం మోపబడిన ఒక కుర్రాడి భవితవ్యాన్ని పన్నెండు మంది జ్యూరీ సభ్యులు, అంటే కోర్టులో తీర్పు చెప్పడానికి పిలిచిన మామూలు పౌరులు, ఒక గదిలో కూర్చుని తేల్చాలి. పదకొండు మంది దోషి అంటారు, ఎనిమిదో సభ్యుడు ఒక్కడే కాదంటాడు. ఆ ఎనిమిదో సభ్యుడు హెన్రీ ఫోండా. 96 నిమిషాల సినిమా దాదాపు మొత్తం ఆ ఒక్క గదిలోనే సాగుతుంది. పాటలు, పోరాటాలు, ప్రదేశాలు ఏవీ లేవు కనుక నటుడు దాక్కోవడానికి చోటు లేదు. పైగా ఇదే రచనను బాసు ఛటర్జీ 1986లో హిందీలో 'ఏక్ రుకా హువా ఫైస్లా'గా తీశారు, 1997లో విలియం ఫ్రీడ్‌కిన్ అమెరికన్ టెలివిజన్ కోసం మళ్లీ తీశారు. ఒకే పాత్రను ముగ్గురు నటుల చేతిలో పోల్చి చూసే వీలు మనకు అరుదుగా దొరుకుతుంది.

మొదట చేయవలసిన పని రాతప్రతిని చేతిలోకి తీసుకోవడం. అచ్చు పుస్తకం దొరికితే మంచిదే. దొరకకపోతే సినిమాను ఆపి ఆపి నడుపుతూ ఏదో ఒక సన్నివేశంలోని పది పదిహేను మాటలను కాగితం మీద రాసుకోండి. తర్వాత వాటిని మీరే పైకి చదవండి. నటించనక్కరలేదు, అర్థం చెడకుండా చదివితే చాలు. అలా చదివినప్పుడే మీకు గగుర్పాటు కలిగితే ఆ బలం రాతలో ఉందని అర్థం. ఏమీ కలగకపోయినా తెర మీద అదే మాట మిమ్మల్ని పట్టుకుందంటే, అక్కడ ఎవరో అదనంగా ఏదో చేశారన్నమాట. ఆ చోటును గుర్తు పెట్టుకోండి.

మన కన్యాశుల్కం ఇందుకు మంచి ఉదాహరణ. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకాన్ని 1955లో పి. పుల్లయ్య సినిమాగా తీశారు. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. గిరీశం మాటల్లోని నవ్వు గురజాడ వాక్యంలోనే ఉంది. తడబడకుండా చదివితే బడిపిల్లవాడు చదివినా నవ్వు వస్తుంది. అందుచేత ప్రేక్షకులు నవ్వారన్నది ఆ పాత్ర వేసిన ఏ నటుడి ప్రతిభకూ సాక్ష్యం కాదు. మొదటి అంకం తెరిచి చూడండి. పూటకూళ్లమ్మ సరుకులకిచ్చిన డబ్బును డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చు పెట్టేసిన సంగతి గిరీశం ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తాను చెప్పుకుంటాడు. వెంకటేశం రాగానే గురువుగారైపోతాడు. ఆ మారే క్షణంలో గొంతు ఎక్కడ తిరుగుతుంది? అబద్ధం ఆడుతున్నప్పుడు శిష్యుడు నమ్ముతున్నాడో లేదోనని ఓరకంట చూస్తున్నాడా, లేక తన మాటల మత్తులో తానే పడిపోతున్నాడా? పుస్తకం దీనికి జవాబు చెప్పదు. జవాబు చెప్పవలసినవాడు నటుడు, మనం తూచవలసిందీ దాన్నే.

రెండో జాగ్రత్త పాత్ర మంచితనానికి సంబంధించినది. ఫోండా నటనను మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని ఆకాశానికెత్తాను. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, నేను మెచ్చుకున్నదాంట్లో సగం ఆ పాత్ర న్యాయబుద్ధినని తెలిసింది. ఎనిమిదో సభ్యుడు ధర్మం వైపు ఉంటాడు, నిదానంగా మాట్లాడతాడు, అందరూ విసుక్కుంటుంటే ఓర్చుకుంటాడు. ఈ గుణాలన్నీ రోజ్ కలం ఇచ్చినవి. ఎదుట మూడో సభ్యుడిగా లీ జె. కాబ్ కేకలు వేస్తుంటే మన సానుభూతి దానంతటదే ఫోండా వైపు జరుగుతుంది. ఇలాంటి చోట ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇదే మనిషి తప్పుడు పక్షాన నిలబడి ఇదే తీరులో వాదించి ఉంటే, ఆ తీరులో నాకు నచ్చేది ఏమైనా మిగులుతుందా? మిగిలినదే నటన. ప్రతినాయక పాత్రధారుల విషయంలో ఇదే తూకాన్ని తిప్పి వాడాలి. పాత్ర మీద అసహ్యంతో కాబ్‌ను తక్కువ చేసి చూడడం కూడా అంతే పొరపాటు.

ఇక చూసే పద్ధతి. పరభాషా చిత్రమైతే డబ్బింగ్ ప్రతిని బట్టి నటుడిని అంచనా వేయవద్దు, అందులో సగం నటుడు వేరే మనిషి. సబ్‌టైటిల్స్‌తో చూసేటప్పుడు ఇంకో చిక్కుంది. ముఖంలో ఏదో జరుగుతున్న క్షణంలోనే మన కన్ను తెర అడుగున అక్షరాలు చదువుతూ ఉంటుంది. అందుకని మొదటిసారి కథ కోసం సబ్‌టైటిల్స్‌తో చూడండి, రెండోసారి అవి తీసేసి ముఖం కోసం చూడండి. కీలకమైన రెండు మూడు సన్నివేశాలను మూడోసారి తెర వైపు చూడకుండా వినండి. రేడియో నాటకాలు విని పెరిగినవారికి ఈ చివరి పని చెప్పనక్కరలేదు. గొంతులో అబద్ధం ఉంటే చెవికి ఇట్టే దొరుకుతుంది.

వినేటప్పుడు వేటిని పట్టించుకోవాలి? స్పష్టత, ఉచ్చారణ కనీస అర్హతలు, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగవద్దు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో గమనించండి. అర్థం విరిగే చోట విరిచాడా, ఊపిరి చాలని చోట విరిచాడా? తెలుగులో, హిందీలో వాక్యం తేలేది చివర్లో. 'ఆ కుర్రాడే చంపాడని నేను అనుకోవడం లేదు' అన్న మాటలో 'లేదు' వినబడే దాకా ఎదుటివాడికి మన పక్షం తెలియదు. ఇంగ్లీషులో ఆ నిరాకరణ వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. కనుక ఇంగ్లీషు రచనను మన భాషలోకి తెచ్చుకున్నప్పుడు నటుడు వాక్యం బరువును చివరి పదం దాకా దించకుండా మోయాలి. చాలామంది మధ్యలో బలమంతా ఖర్చు పెట్టి చివరి రెండు అక్షరాలను మింగేస్తారు. వినేవారు ఊహతో పూరించుకుంటారు గాని, నటుడు ఆ వాక్యాన్ని వదిలేసినట్టే.

దీనికన్నా ముఖ్యమైనది మాటకు ముందు వచ్చే ఆలోచన. పాఠం అప్పజెప్పేవాడికి తర్వాతి మాట ఏమిటో ముందే తెలుసు, ఆ తెలిసినతనం ముఖంలో కనిపిస్తుంది. మంచి నటుడికీ ఆ మాట ముందే తెలుసు, కాని ఆ క్షణంలోనే స్ఫురించినట్టు మనకు చూపగలడు. తొలి ఓటు తర్వాత, కుర్రాడు నిజంగా నిర్దోషి అనుకుంటున్నావా అని అడిగితే ఎనిమిదో సభ్యుడు తెలియదంటాడు. చాలా చిన్న మాట. దాన్ని వీరుడి ప్రకటనలాగా పలకవచ్చు, వినయం ఒలకబోస్తూనూ పలకవచ్చు. ఫోండా ఈ రెండూ చేయడు. నిజంగా తెలియని మనిషి తెలియదన్నట్టు పలుకుతాడు. ఆ మాటలో కాస్త ఇబ్బంది కూడా వినిపిస్తుంది. సినిమా అంతటికీ పునాది ఆ ఇబ్బందే. అతను ఆరంభంలోనే నిబ్బరంగా కనిపించి ఉంటే, ఆ తర్వాతి గంటన్నర వాదన ముందే గెలిచినవాడి ఉపన్యాసమై ఉండేది.

మాటల సినిమాలో నటుడిని పట్టి ఇచ్చే అసలు గీటురాయి వినడం. మాట్లాడేటప్పుడు నటుడికి రచయిత తోడుంటాడు, వినేటప్పుడు ఎవరూ ఉండరు. మన నాటక పరిషత్తు పోటీల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తన వంతు మాట అయిపోగానే కొందరు నటులు బొమ్మల్లా నిలబడి తమ తర్వాతి అందింపు మాట కోసం ఎదురుచూస్తారు. నాటకం అక్కడ ఒక్క క్షణం చచ్చిపోతుంది. సినిమాలో ఎడిటర్ కత్తెర ఈ లోపాన్ని కొంత కప్పుతుంది కనుక మనం ఇంకా నిశితంగా చూడాలి.

రెండు చోట్ల చూడండి. మొదటిది రహస్య ఓటు. మిగిలిన పదకొండు మందీ చీటీల మీద రాయండి, అందరూ దోషి అంటే నేనూ మీతో వచ్చేస్తాను అని ఎనిమిదో సభ్యుడు పందెం కాస్తాడు. చీటీలు ఒక్కొక్కటే విప్పి చదువుతుంటే అతను బల్లకు దూరంగా నిలబడి ఉంటాడు. అతనికి ఒక్క మాట కూడా లేదు. నిరీక్షణను చూపించడానికి కళ్లు మూసుకోవడం, గుటకలు మింగడం లాంటి తేలిక దారులు ఎన్నో ఉన్నాయి. ఫోండా వాటి జోలికి పోడు. ప్రతి చీటీకీ ఒంట్లో ఏదో కొంచెం బిగుసుకుంటుంది, అంతే. రెండోది చేతులు కడుక్కునే గది. నువ్వు మమ్మల్నందరినీ ఒప్పించాక ఆ కుర్రాడే నిజంగా చంపినవాడని తేలితే ఏం చేస్తావు అని ఆరో సభ్యుడు అడిగి వెళ్లిపోతాడు. రచయిత ఎనిమిదో సభ్యుడికి జవాబు రాయలేదు. ఈ ఖాళీని నటుడు దేనితో నింపాడో చూడండి. నా దృష్టిలో ఫోండా నటనలో అత్యున్నత క్షణం అదే. ధర్మాత్ముడనుకున్న మనిషి ముఖంలో మొదటిసారి భయం లాంటిది మెదులుతుంది. దాన్ని తుడిచేసుకునే తొందర కూడా అతనికి ఉండదు.

కెమెరా చేసిన పనిని నటుడి పద్దులో రాయకుండా ఉండాలంటే చిత్రీకరణ గురించి కొంత తెలిసి ఉండాలి. ఈ సినిమాలో మొదటి భాగాన్ని కంటి ఎత్తు కన్నా పైనుంచి, మధ్య భాగాన్ని కంటి ఎత్తులో, చివరి భాగాన్ని కింది నుంచి తీశామని లూమెట్ స్వయంగా వివరించారు. కథ సాగేకొద్దీ కటకాలు కూడా మార్చారు, దాంతో గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, చివరికి కప్పు నెత్తిన కూర్చున్నట్టు అనిపిస్తుంది. చివరి అరగంటలో నటులందరూ పెద్దగా, ఉద్రిక్తంగా కనబడడంలో ఈ ఏర్పాటు పాలు చాలా ఉంది. దీనికి మరో వైపు కూడా ఉంది. ఖర్చు కలిసి రావడానికి ఒక కుర్చీ వైపు దీపాలు అమర్చాక ఆ కుర్చీలో జరిగేదంతా ఒకేసారి తీసేవారు. ఫోండా, కాబ్ ఎదురెదురుగా తలపడే ఘట్టాల్లో ఒకరి షాట్లకూ ఇంకొకరి షాట్లకూ వారం తేడా ఉంది. అయినా ఒకే వేడిలో మాటకు మాట తగిలినట్టు కనిపిస్తుందంటే, చిత్రీకరణకు ముందు రెండు వారాలు చేసిన రిహార్సళ్లూ నటుల జ్ఞాపకశక్తీ కారణం. ఇలాంటి సంగతి తెలిశాక ఆ నటుల మీద గౌరవం పెరుగుతుంది.

కట్ లేకుండా తీసిన పొడవాటి షాట్లను వెతికి పట్టుకోవడం మరో ఉపాయం. అక్కడ ఎడిటర్ సాయం ఉండదు. జ్యూరీ సభ్యులు గదిలోకి వచ్చి సర్దుకునే తొలి ఘట్టం నిమిషాల తరబడి అలా ఒకే షాటుగా సాగుతుంది. అందరూ ఉక్కపోతను తిట్టుకుంటూ కబుర్లాడుకుంటుంటే ఫోండా కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉంటాడు. ప్రధాన నటుడు, పైగా నిర్మాతల్లో ఒకడు, తన తొలి ముఖ్య ఘట్టంలో మిగతావారికి చోటు వదిలి అలా పక్కన నిలబడడం చిన్న విషయం కాదు.

పాత్ర ఎదుగుదలను కొలవడానికి మూడు చోట్లు ఎంచుకోండి: ఆరంభంలో ఒకటి, నడుమ ఒకటి, ముగింపు దగ్గర ఒకటి. వాటిని వెంటవెంటనే చూడండి. నటుడు తన నిల్వను ఎలా ఖర్చు పెట్టాడో తెలుస్తుంది. మాటల సినిమాల్లో ఎక్కువగా కనిపించే లోపం మొదటి అరగంటలోనే గొంతు తారస్థాయికి చేరడం. ఆ తర్వాత ఎక్కడానికి మెట్టు ఉండదు. ఫోండా నిజంగా కోపం చూపే చోట్లు వేళ్ల మీద లెక్కించవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన చర్చ జరుగుతుంటే ఇద్దరు సభ్యులు కాగితం మీద ఇంటూలు, సున్నాలు వేసుకుంటూ ఆడతారు, అతను ఆ కాగితం లాగేసుకుంటాడు. ఇంకోసారి, కుంటివాడైన ముసలి సాక్షి మంచం దగ్గర నుంచి తలుపు దాకా 15 సెకన్లలో రాగలడా అని గదిలో కొలతలు వేసుకుని తానే కాలీడుస్తూ నడిచి చూపిస్తాడు. ఆ నడకలో ముసలివాడిని అనుకరించి మెప్పు పొందాలన్న తాపత్రయం ఉండదు. వాదన కోసం కాలీడుస్తున్న మామూలు మనిషే కనిపిస్తాడు, అది చాలా కష్టమైన నిగ్రహం. వెంటనే మూడో సభ్యుడిని మాటలతో రెచ్చగొడతాడు. అతను చంపేస్తానంటూ మీదికి వస్తే, నిజంగానే చంపుతావా అని గొంతు పెంచకుండా అడుగుతాడు. చప్పట్ల కోసమే రాశారా అనిపించే ఆ మాటను ఫోండా దాదాపు కింద పెట్టేస్తాడు. అయితే ఆ రెచ్చగొట్టడంలో కాస్త క్రూరత్వం ఉంది, దాన్ని ఆయన దాచలేదు. పాత్రను దేవుడిని చేయకుండా కాపాడింది అదే.

పోలిక దగ్గరికి వచ్చేసరికి ఎవరు గొప్ప అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. ఒకే చోట ముగ్గురూ ఏ నిర్ణయం తీసుకున్నారో చూడండి. 1997లో ఈ పాత్ర వేసిన జాక్ లెమ్మన్ అప్పటికి డెబ్బై దాటినవారు. 'తెలియదు' అన్న ఆ తొలి సందేహం ఆయన నోట చాలా జీవితం చూసిన మనిషి అలసటలాగా వినిపిస్తుంది. ఎదుట జార్జ్ సి. స్కాట్ ఉండడంతో ఘర్షణ ఇద్దరు వృద్ధుల మధ్య మొండితనంగా మారింది. హిందీలో కె.కె. రైనా ఎదుట పంకజ్ కపూర్ ఉన్నారు. పంకజ్ కపూర్ మూడో సభ్యుడి ఆగ్రహాన్ని ఎంత ఎత్తుకు తీసుకుపోయారంటే, రైనా నెమ్మది దాని పక్కన మరింత నెమ్మదిగా తోస్తుంది. ప్రధాన నటుడి స్వరస్థాయిని ఎదుటి నటుడు కూడా నిర్ణయిస్తాడు. ఈ సంగతి పట్టించుకోకుండా ఒక్కరినే వేరు చేసి మార్కులు వేస్తే అన్యాయం జరుగుతుంది. అవార్డుల మీద ఆధారపడినా అంతే. 1957 చిత్రానికి ఆస్కార్ ప్రతిపాదనలు మూడు వచ్చాయి, వాటిలో నటనకు ఒక్కటీ లేదు. బ్రిటిష్ ఫిల్మ్ అకాడమీ మాత్రం ఫోండాను ఉత్తమ విదేశీ నటుడిగా ఎన్నుకుంది.

చివరగా రాయడం. 'పాత్రలో జీవించాడు', 'పాత్రకు న్యాయం చేశాడు', 'పరకాయ ప్రవేశం చేశాడు' వంటి మాటలు మన సమీక్షల్లో అరిగిపోయాయి. ఇవి రాయాలనిపించిన ప్రతిసారీ ఆగి, ఏ క్షణంలో అలా అనిపించిందో వెనక్కి వెళ్లి వెతకండి. ఆ క్షణంలో చెయ్యి ఎక్కడుంది, చూపు ఎవరి మీద ఉంది, మాటకు ముందు ఎంత ఆగాడు అన్నది రాయండి. చదివేవారు అదే చోట సినిమా ఆపి చూసి మీతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. రెంటికీ వీలున్నప్పుడే అది అంచనా అవుతుంది. నటుడు విఫలమైన చోట్లు కూడా అలాగే చూపాలి. ఫోండా కొన్ని పొడవాటి వాదనల్లో న్యాయవాదిలా మరీ సాఫీగా మాట్లాడతాడని, అక్కడ ఆ తొలి తడబాటు జాడ ఉండదని నాకు అనిపిస్తుంది. ఆ లోపం పాక్షికంగా రాతదే అయినా నటుడు దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయలేదు.

ఈ పద్ధతిని ప్రయత్నించి చూడాలంటే ముగింపు దగ్గర ఒక చిన్న చోటు సరిపోతుంది. తీర్పు ఖాయమైంది, అందరూ గది వదిలి వెళ్తున్నారు. ఓడిపోయి కుప్పకూలిన మూడో సభ్యుడు బల్ల దగ్గరే మిగిలిపోతాడు. ఎనిమిదో సభ్యుడు అతని కోటు తెచ్చి తొడుక్కోవడానికి పట్టుకుంటాడు. ఇద్దరి మధ్యా మాటలేమీ ఉండవు. ఫోండా ఆ కోటును ఎలా పట్టుకున్నాడో, అతని ముఖంలో గెలుపు ఎంత ఉందో, జాలి ఎంత ఉందో చూసి, మీకు కనిపించినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసుకోండి.